రెండో జోన్‌లో మన ఇళ్లు



ఎక్కడ భూమి కంపించిందని విన్నా మనవాళ్లు వెంటనే అడిగే ప్రశ్నలు రెండు. మన కింద పగులేమైనా ఉందా? మనం ఏ జోన్‌లో ఉన్నాం? రాయచూరు జిల్లాలో, మాన్వి, సింధనూరు వైపు వెళ్లే దారిలో ఉన్న కల్మలలో ఈ ప్రశ్నలు అడిగితే ధైర్యం చెప్పే జవాబులే వస్తాయి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ దోఆబు కింద పరుచుకున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ధార్వాడ శిల. హిమాలయాల్లాగా రెండు భూఫలకాలు ఢీకొనే చోటు కాదిది. 2002లో సవరించిన దేశ భూకంప పటంలో రాయచూరు రెండో జోన్‌లో, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉంది. ఈ జవాబుల్లో అబద్ధం లేదు. చిక్కల్లా, వీటిని విన్నాక ఇల్లు కట్టుకునేవాళ్లు, కట్టించే మేస్త్రీలు, అనుమతులిచ్చే కార్యాలయాలు చేసే పనిలో ఉంది. తక్కువ ప్రమాదమన్న ముద్ర కాస్తా జాగ్రత్తే అక్కర్లేదన్న అనుమతిగా మారిపోతోంది. అలా మారిన చోట ఓ మోస్తరు భూకంపం కూడా వేలమందిని బలితీసుకోగలదు. ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు. కల్మలకు ఉత్తరాన, రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో అది జరిగింది.

1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి. ముందు రోజు వినాయక నిమజ్జనం ముగించుకుని జనం అలసి పడుకున్నారు. వచ్చిన భూకంపం తీవ్రత 6.2. ప్రపంచం మొత్తం మీద ఈ స్థాయివి ఏటా పదుల సంఖ్యలో వస్తుంటాయి, చాలావాటి పేరు కూడా మనకు తెలియదు. కిల్లారిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మాత్రం పదివేల మంది దాకా చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం ఒకటో జోన్, అంటే ఇప్పుడు రాయచూరు ఉన్న రెండో జోన్ కన్నా కూడా భద్రమైనదని రాసిపెట్టిన చోటు. ఆ భూకంపం పాఠంగానే 2002లో ఒకటో జోన్‌ను పటం నుంచి తీసేసి రెండో జోన్‌లో కలిపేశారు. అంతకుముందు మహారాష్ట్రలోనే కోయనా విషయంలోనూ ఇదే వరస. 1967 డిసెంబరులో అక్కడ భూకంపం వచ్చి నూట ఎనభై మంది దాకా పోయారు, 1970లో పటం మారింది. రెండుసార్లూ ముందు భూకంపం, వెనక పటం. పటం గీసినవాళ్ల చేతకానితనం వల్ల ఇలా జరిగిందనడం అన్యాయం. పటానికి ఆధారం గతంలో నమోదైన భూకంపాలూ, పైకి కనిపించే పగుళ్లూను. నమోదు కానిదాన్నీ కనిపించనిదాన్నీ అది చూపించలేదు.

కనిపించకపోవడం అంటే ఏమిటో కిల్లారిలోనే తెలిసింది. భూకంపం తర్వాత శాస్త్రవేత్తలు అక్కడ 617 మీటర్ల లోతు బోరు వేశారు. పైన 338 మీటర్ల మందాన దక్కను నల్లరాయి, అంటే కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు పొరలుగా గడ్డకట్టిన బసాల్టు. దాని కింద ఎనిమిది మీటర్ల పాత మట్టిపొర. ఆ కింద గానీ అసలు పునాదిశిల తగల్లేదు. కదిలిన పగులు, అంటే భ్రంశం, ఈ మూత కింద ఉంది. భూకంపానికి ముందు పొలాల్లో ఎంత తిరిగినా కంటబడే దారి లేదు. రాయచూరు దోఆబులో లావా మూత లేదు, గ్రానైటు గుట్టలు పైకే కనిపిస్తాయి కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. హట్టి, మస్కి ప్రాంతాల శిలల మీద బంగారం కోసం తరతరాలుగా పరిశోధన జరిగింది, అక్కడి పాత పగుళ్లు చాలావరకు తెలిసినవే. కానీ పాత పగులు ఉందని తెలియడం వేరు, అది మళ్లీ కదులుతుందా లేదా అన్నది తెలియడం వేరు. ఈ గట్టిశిలలో ఒక పగులు కదిలాక మళ్లీ కదలడానికి వేల ఏళ్లు పట్టవచ్చు. మన జిల్లాలో రాతలో దొరికే అతి పాత సాక్ష్యం మస్కిలోని అశోకుని శాసనం, దాని వయసు రెండు వేల మూడు వందల ఏళ్లలోపే. భూకంపాలను పరికరాలతో కొలవడం మొదలై నూరేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఇంత చిన్న జ్ఞాపకంతో అంత పెద్ద నిద్రను కొలిచి, ఇక్కడ ఎప్పుడూ రాలేదు కాబట్టి ఇక ముందూ రాదనడం తర్కానికి నిలవదు. అసలు ఎప్పుడూ రాలేదన్న మాట కూడా సరికాదు. 1843లో బళ్లారి వైపు భూమి కంపించింది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతం, 1983లో హైదరాబాదు పక్కన మేడ్చల్ కంపించాయి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపన హైదరాబాదులోనూ విజయవాడలోనూ తెలిసింది. గట్టిశిల మంచిదే గానీ, అది తరంగాన్ని త్వరగా అణచదు. దూరం దాకా మోసుకుపోతుంది.

కిల్లారిలో అంతమంది పోవడానికి కారణం నిద్రలో ఉండటమేనని కొందరంటారు. ఆ మాట తేల్చుకోవడానికి ఒక పోలిక దొరుకుతుంది. కిల్లారి జరిగిన నాలుగు నెలల్లోపే, 1994 జనవరి 17న, అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో నార్త్‌రిడ్జ్ అనే చోట భూకంపం వచ్చింది. అదీ తెల్లవారుజామునే, 4 గంటల 31 నిమిషాలకు. జనం అక్కడా నిద్రలోనే ఉన్నారు. తీవ్రత 6.7, అంటే కిల్లారి కన్నా ఐదు రెట్లకు పైగా శక్తి. కదిలింది లక్షల జనాభా కింద, అంతవరకు ఎవరూ గుర్తించని, పైకి కనిపించని భ్రంశం. పగుళ్ల గురించి అంత చదువూ డబ్బూ ఉన్న దేశానికి కూడా తన నగరం కింద ఉన్నదేమిటో ముందుగా తెలియలేదన్నమాట. అయినా చనిపోయినవాళ్లు అరవై మంది దాకా. కిల్లారి భ్రంశం భూమికి బాగా దగ్గరగా కదిలింది, నార్త్‌రిడ్జ్‌లో కదలిక దాదాపు 18 కిలోమీటర్ల లోతున మొదలైంది, అందువల్ల కిల్లారిలో కుదుపు ఎక్కువై ఉంటుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ తేడాను ఎంత లెక్కలోకి తీసుకున్నా అరవైకీ పదివేలకీ మధ్య దూరం పూడదు. అక్కడ ఎక్కువమంది నిద్రపోయింది చెక్క చట్రంతో కట్టిన తేలికపాటి ఇళ్లలో. కిల్లారిలో పడుకున్నది మట్టిలో పేర్చిన రాతిగోడల మధ్య, మట్టి మిద్దెల కింద.

ఆ మిద్దె మనకు కొత్త కాదు. రాయచూరు, గద్వాల, కర్నూలు వైపు పాత ఇళ్లన్నీ దాదాపు అదే పద్ధతి. గోడ రెండడుగుల మందం. లోపలి ముఖం ఒక వరస, బయటి ముఖం ఒక వరస, నడుమ చిల్లరాళ్లూ మట్టీ. మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి పైన తడికలు, ఆపైన చవుడు మట్టి. ఎండకు ఇంతకన్నా చల్లనిచ్చే కప్పు లేదు, రాయచూరు వేసవి తెలిసినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు. అయితే వానలకు ముందు కారకుండా ఉండాలని మిద్దెకు కొత్త మట్టి వేస్తారు, పాతది తీసేవాళ్లు తక్కువ. అలా ఏటా పెరిగి మట్టి అడుగు మందమైందనుకోండి. పదడుగులు పన్నెండడుగుల గది మీద అది ఐదు టన్నులకు పైగా బరువు. నూరేళ్లుగా చెక్కుచెదరలేదు గదా అని పాత ఇళ్లను చూపించేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. ఆ నూరేళ్లూ ఇల్లు మోసింది నిలువు బరువు. నిలువు బరువుకు రాతిగోడ అంత గట్టిది మరొకటి లేదు. భూకంపం తెచ్చేది అడ్డంగా ఊపే బలం. పైన బరువు ఎంత ఎక్కువుంటే ఆ ఊపు అంత ఎక్కువ. రెండు ముఖాలనూ కలిపి పట్టి ఉంచే పొడుగు రాళ్లు గోడలో లేకపోతే బయటి ముఖం ఉబ్బి విడిపోతుంది, మూలల్లో గోడకూ గోడకూ పొత్తు తెగుతుంది, ఆపైన మిద్దె దిగిపోతుంది. కిల్లారిలో జరిగింది ఇదే. కప్పును మోసే కర్రస్తంభాలు కొన్ని చోట్ల నిలిచే ఉన్నా, గోడలు లోపలికి కూలి మనుషులను కప్పేశాయి. మన పాత ఇంటికి ఇంతవరకు ఈ పరీక్ష రాలేదు. రాని పరీక్షలో పాసైందని చెప్పుకోవడంలో అర్థం లేదు.

అలాగైతే ఎప్పుడు వస్తుందో ముందే చెప్పండి, బయట పడుకుంటాం అనేవాళ్లూ ఉన్నారు. చెప్పడం ఎవరి వల్లా కాదు. చిన్న చిన్న ప్రకంపనలు ముందు హెచ్చరిక కావా అంటే, కిల్లారిలో 1992లోనే అలాంటివి వరసగా వచ్చాయి, జనం భయపడ్డారు. మరుసటి ఏడాదే అసలుది వచ్చింది. 2020 అక్టోబరులో హైదరాబాదు బోరబండలో నేల లోపలి నుంచి శబ్దాలతో ప్రకంపనలు వచ్చాయి. 2021 అక్టోబరులో కలబురగి జిల్లా గడికేశ్వరలో కూడా వచ్చాయి, వాటిలో ఒకటి 4.1 తీవ్రత. జనం ఇళ్లు విడిచి ఆరుబయట గడిపారు. వానాకాలం తర్వాత నీరు రాతి పగుళ్లలోకి ఇంకి ఇలాంటి చిన్న కదలికలు రావడం దక్కనులో మామూలేనని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ రెండు చోట్లా పెద్దది రాలేదు. ఇలాంటి పరంపరలు చాలావరకు వాటంతటవే చల్లారిపోతాయి, ఎక్కడో ఒకటి కిల్లారి అవుతుంది. ఏది ఏదవుతుందో నడుస్తున్నప్పుడు విడదీసి చెప్పే పద్ధతి ఇంతవరకు లేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆరు దశాబ్దాలుగా చేస్తున్న కొలతలు మనకెంతో అవసరం, ఎక్కడ ఎంత కదులుతోందో తెలిసేది వాటితోనే. కానీ ఫలానా రాత్రి బయట పడుకోండి అని చెప్పడం ఏ పరికరం పనీ కాదు. ఏ రాత్రయినా లోపలే పడుకోగలిగే ఇల్లు ఒక్కటే మన చేతిలో ఉన్నది.

ఇక్కడ ఇంకో తొందరపాటు జవాబు వినిపిస్తుంది. రాతి ఇళ్లు పడగొట్టి సిమెంటు ఇళ్లు కట్టుకుంటే సరి అని. కిల్లారి తర్వాత చాలామందికి రాయంటేనే భయం పట్టుకుంది, స్లాబు ఉంటే చాలనుకున్నారు. ఎనిమిదేళ్లు తిరగకుండానే, 2001 జనవరి 26న, గుజరాత్‌లోని కచ్ఛ్ భూకంపం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కొత్త కాంక్రీటు అపార్టుమెంట్లు కూలి ఏడు వందల మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో చాలావాటికి ఒకే లోపం. కింది అంతస్తును కార్ల కోసం ఖాళీగా వదిలి పిల్లర్ల మీద నిలబెట్టారు. పై అంతస్తుల్లో గోడలుంటాయి కాబట్టి అవి బిగిసి ఒక పెట్టెలా కదులుతాయి. ఊపంతా కిందున్న వట్టి పిల్లర్ల మీద పడుతుంది. నార్త్‌రిడ్జ్‌లో కూడా ఒకే అపార్టుమెంటులో పదహారు మంది పోయింది కింద పార్కింగ్ ఉన్న భవనంలోనే. ఇప్పుడు రాయచూరులో, కర్నూలులో, హైదరాబాదులో ఏ కొత్త వీధి చూసినా ఇవే కడుతున్నారు. పార్కింగ్ వద్దనడం అయ్యే పని కాదు. ఆ పిల్లర్లను మిగతావాటికన్నా లావుగా వేయడం, మెట్ల చుట్టూ లిఫ్టు చుట్టూ పునాది నుంచి కాంక్రీటు గోడ లేపడం అయ్యే పనే.

పిల్లరు దగ్గరే ఇంకొక చిన్న సంగతి ఉంది, ప్రాణాలు దాని మీద ఆధారపడతాయి. నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగును చూడండి. కడ్డీలు కట్టేవాళ్లు తొందరలో రింగు కొసలను 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు. కుదుపులో పైనున్న కాంక్రీటు పెచ్చు రాలగానే ఆ కొస విప్పుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి వంగుతాయి, పిల్లరు నలుగుతుంది. కొసను 135 డిగ్రీలకు, పిల్లరు గుండెవైపు వంచితే రింగు విప్పుకోదు. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 13920 కోడ్‌లో అడిగేది ఇదే. మూడో జోన్ నుంచి ఆ కోడ్ తప్పనిసరి, విజయవాడ, ఒంగోలు, భద్రాచలం ఆ జోన్‌లో ఉన్నాయి. రెండో జోన్‌కు తప్పనిసరి కాదు. అందుకని రాయచూరులో మేస్త్రీని అడిగితే, ఇక్కడ అవసరం లేదు సార్ అంటాడు. ఆ కొసను మరో 45 డిగ్రీలు వంచడానికి పట్టేది నాలుగు వేళ్ల కడ్డీ, రెండు క్షణాల పని. ఇంత చవకైన జాగ్రత్తను కూడా జోన్ పేరు చెప్పి మానేస్తున్నామంటే, లోపం డబ్బులో లేదని తేలిపోతోంది.

డబ్బు మాట నిజంగానే ఎత్తేవాళ్లకు సమాధానం చెప్పుకోవాలి. రాయచూరుకు కరవుంది, ఎండలున్నాయి, తాగునీటి కొరతుంది. వేల ఏళ్లకోసారి వచ్చేదాని మీద బీదవాడు ఖర్చు పెట్టాలా అని అడగడంలో న్యాయముంది. ఉన్న ఇళ్లన్నీ పడగొట్టి కట్టుకోమని ఎవరన్నా ఆ సలహా చెల్లదు. నేననేది కొత్తగా కట్టేవాటి గురించి. పదడుగులు పన్నెండడుగుల ఇటుక గది తీసుకోండి. తలుపు మీదా కిటికీ మీదా లింటెల్ ఎలాగూ పోస్తారు. దాన్ని అక్కడితో ఆపకుండా నాలుగు గోడల మీదుగా, మూలల్లో తెగకుండా, రెండు పది మిల్లీమీటర్ల కడ్డీలతో మూడంగుళాల మందాన తిప్పితే గదికి నడుము కట్టినట్టే. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. రింగులతో కలిపి లెక్కేసినా ఇనుము పాతిక కిలోల లోపు, సిమెంటు రెండు బస్తాల లోపు. రాతిగోడ కడితే ప్రతి నాలుగు అడుగులకూ గోడ మందం అంతటి పొడుగు రాయి ఒకటి వేయడానికి రాయి ఏరుకునే ఓపిక కావాలి గానీ అదనంగా డబ్బు అక్కర్లేదు. పాత మిద్దె మీద కొత్త మట్టి వేసేముందు పాతది గీకి దించడానికి ఒక రోజు కూలి. వీటిలో ఏదీ కరవు పనుల డబ్బుకు పోటీ కాదు. పైగా ఈ నడుముకట్టు నల్లరేగడి నేలల్లో ఏడాది పొడవునా పనికొస్తుంది. వానకు ఉబ్బి ఎండకు బిగుసుకునే ఆ నేల మీద గోడలు పగలడం ఈ జిల్లాలో అందరికీ అనుభవమే. పునాది దగ్గర ఒక కట్టు, లింటెల్ దగ్గర ఒక కట్టు ఉన్న ఇంట్లో ఆ పగుళ్లు తగ్గుతాయి. భూకంపం మన జన్మలో రాకపోయినా ఈ ఖర్చు వృథా పోదు.

నేల మాట వచ్చింది కాబట్టి పట్నాలు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. జోన్ పటం జిల్లాను చూస్తుందే గానీ వీధిని చూడదు. గట్టిరాయి మీద నిలిచిన ఇల్లూ, పూడ్చిన చెరువు మీద నిలిచిన ఇల్లూ ఒకే జోన్‌లో ఉంటాయి, ఊగడం మాత్రం ఒకేలా ఉండదు. 1985లో మెక్సికో నగరం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో వచ్చిన భూకంపానికి వేలమందిని పోగొట్టుకుంది. ఆ నగరం కూర్చున్నది పాత సరస్సు అడుగున ఉన్న మెత్తటి బంకమట్టి మీద. చెరువు శిఖాల్లో లేఅవుట్లు వేస్తున్న హైదరాబాదూ, ఆ దారినే నడుస్తున్న చిన్న పట్నాలూ, రెండో జోన్ అన్న ఒక్క మాట పట్టుకుని నేల పరీక్ష మానడం తగదు.

చేయాల్సినవాటికి ఒక వరస కూడా ఉండాలి. కచ్ఛ్‌లోని భుజ్‌లో 2001 భూకంపానికి జిల్లా ఆసుపత్రే కూలిపోయింది, గాయపడ్డవాళ్లకు వైద్యం అందాల్సిన గంటలోనే. అందుకని మొదట చూడాల్సింది ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు, బడులు. పాతవాటిని ఇంజనీరు చేత పరీక్ష చేయించి బలపరచాల్సింది వీటినే. ఆ తర్వాత ప్రభుత్వ డబ్బుతో కట్టే పేదల ఇళ్లు. వాటి నమూనా ఒక్కటే, అనుమతి ఒక్క చోటే, కాబట్టి నమూనాలో లింటెల్ కట్టు గీస్తే వేల ఇళ్లకు ఒకేసారి చేరుతుంది. బిల్లు మంజూరు చేసేముందు ఆ కట్టు పోసిన ఫొటో అడిగితే చాలు. కిల్లారి తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం ప్రపంచబ్యాంకు సాయంతో యాభైకి పైగా గ్రామాలను కొత్త చోట కట్టింది. అదంతా చావుల తర్వాత పెట్టిన ఖర్చు. తుంగభద్ర కాలువ కింద సింధనూరు, మాన్వి తాలూకాల్లో ఆంధ్ర రైతులు వేసుకున్న క్యాంపుల్లో ఇప్పుడు రెండో తరం, మూడో తరం పాత ఇళ్లు తీసి కొత్తవి కట్టుకుంటోంది. కల్మలలోనూ అంతే. కట్టేది ఎలాగూ కడుతున్నారు. మన కింద పగులుందా అన్న ప్రశ్నకు నిక్కచ్చి జవాబు శాస్త్రవేత్తలకు కూడా ఇంకా కొన్ని తరాల పని. మన లింటెల్ నాలుగు మూలలా తెగకుండా తిరిగిందా అన్న ప్రశ్నకు స్లాబు పోసేముందు నిచ్చెనెక్కి చూస్తే జవాబు దొరుకుతుంది. ఇల్లు కట్టించేవాళ్లు మేస్త్రీని అడగాల్సింది ఈ రెండో ప్రశ్న. జోన్ నంబరు ఎంతైనా, అడిగి తీరాలి.